హెప్సీ గేటు దగ్గర మొదలైన హద్దు

హెప్సీ గ్రిండల్ పది వేళ్ళకీ ప్లాస్టరు చుట్టుకుని ఇంట్లోంచి బయటికొచ్చిందంటే చేపల ఫ్యాక్టరీకి పోతోందని అర్థం. ఉత్త వేళ్ళతో వచ్చిందంటే ఎవరితోనో తగువుకి పోతోందని అర్థం. బ్రిమ్ కోవ్ జనం దూరం నుంచే ఆమె వేళ్ళు చూసి, నిలబడి పలకరించాలో పక్కసందులోకి తప్పుకోవాలో తేల్చుకునేవారు.

అరవై రెండేళ్ళ మనిషి. సార్డీన్ చేపల తలలూ తోకలూ కత్తెరతో కత్తిరించి డబ్బాల్లో సర్దడం ఆమె పని. వేళ్ళు తెగకుండా ఆ ప్లాస్టరు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రపు తీరం మొత్తంలో అంత వేగంగా కత్తెర ఆడించే మనిషి లేదు. ఈ సంగతి ఆమే అందరికీ చెప్పేది కాబట్టి మనం ప్రత్యేకంగా పొగడాల్సిన పని లేదు. భర్త హార్వే ఎండ్రకాయల పడవ నడిపేవాడు. ఎప్పుడు సముద్రంలో కలిసిపోతాడోనని ఆమె ముప్పై ఏళ్ళు కిటికీ దగ్గర నిలబడి భయపడితే, ఆయన మాత్రం పొయ్యి పక్కన కుర్చీలో పేపరు చదువుకుంటూ హాయిగా కన్నుమూశాడు. ఆ తర్వాత ఆమె దేనికీ భయపడటం మానేసింది.

ఆమెకున్న బాధల్లా నీళ్ళే. ఆ ఒడ్డున నేలంతా బండ. బావి ఎంత లోతు తవ్వినా ఆగస్టు వచ్చేసరికి అడుగున బురద తేలుతుంది. పోటు ఎక్కువైతే ఉప్పు దిగుతుంది. పున్నమి ఎప్పుడో క్యాలెండరు చూడకుండా పొద్దున కాఫీ తాగి చెప్పేవారు అక్కడి ఆడవాళ్ళు. బట్టలకి వాన నీళ్ళు పట్టుకోవాలి. తాగడానికి గుట్టెక్కాలి.

గుట్ట మీద ఆల్టన్ క్రాబ్‌ట్రీ బ్లూబెర్రీ చేలో ఒక ఊట ఉంది. ఏ ఎండకీ ఎండదు. పళ్ళు జివ్వుమనేంత చల్లటి నీళ్ళు. ఆల్టన్ పిసినారే కానీ చెడ్డవాడు కాదు. ఎవరొచ్చినా మనిషికి రెండు బకెట్లు పట్టుకుపోనిచ్చేవాడు. ఒక్క సెంటు పుచ్చుకునేవాడు కాదు. వరండాలో ఊగే కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళ క్షేమం అడిగేవాడు. వాళ్ళు బకెట్లు నింపుకుని, "థాంక్స్ ఆల్టన్" అని దిగిపోయేవారు. హెప్సీ, ఆల్టన్ ఒకే బడిలో ఒకే బల్ల మీద చదువుకున్నారు. అప్పటినుంచీ తగువే. బల్ల మీద గీత గీసి మోచెయ్యి దాటావంటే దాటావని మొదలైంది, జుట్లు నెరిసినా అవ్వలేదు.

1956 ఆగస్టులో ఒకరోజు హెప్సీ బకెట్లు నింపుకుని, "థాంక్స్" అనకుండా నిలబడింది.

"ఏంటి, మోకాళ్ళు పట్టేశాయా?" అన్నాడు ఆల్టన్.

"గొంతు పట్టేసింది. ముప్పై ఏళ్ళుగా రోజుకి రెండుసార్లు నీకు థాంక్స్ చెప్పి."

"నేనెప్పుడైనా చెప్పమన్నానా? నీళ్ళు ఒద్దన్నానా?"

"ఒద్దనకపోవడమే నా ఖర్మ! ఒద్దని ఉంటే ఎప్పుడో నీ వరండా పీకి నీళ్ళు పట్టుకుపోయేదాన్ని. ఇస్తున్నావు కాబట్టే నోరు మూసుకుని తల వంచాల్సొస్తోంది. మనిషి తాగే నీళ్ళకి దేవుడికి దండం పెట్టాలి గానీ ఆల్టన్ క్రాబ్‌ట్రీకి పెట్టడమేంటయ్యా?"

"అయితే దేవుడి దగ్గరికే పోయి పట్టుకో," అన్నాడు ఆల్టన్ నవ్వుతూ.

ఆమె దేవుడి దగ్గరికి పోలేదు. ప్రభుత్వం దగ్గరికి పోయింది.

ఆ ఏడు చలికాలం ఫ్యాక్టరీ మూసి ఉన్న నెలల్లో హెప్సీ వంటింటి బల్ల మీద గిన్నెలకి బదులు కాగితాలు కనిపించాయి. పక్క జిల్లాలో ఒక ఊరు ఇంటింటికీ కుళాయి నీళ్ళు ఇచ్చుకోడానికి వాటర్ డిస్ట్రిక్టు అనే సంఘం పెట్టుకుందని విని, దాని చట్టం తెప్పించుకుంది. ఊరి గుమాస్తా యూనిస్ వాస్ ఆమెకి తోడు. యూనిస్ మాట తక్కువ, దస్తూరి గొప్ప. ఇద్దరూ ఎండు ఆపిల్ ముక్కలతో కాల్చిన తీపి రొట్టె తింటూ ఆ చట్టాన్ని వాక్యం వాక్యం తమ ఊరికి అతికించారు. హద్దు గీసుకున్నంత మేర ఇళ్ళన్నీ కలిసి ఒక డిస్ట్రిక్టు. దానికి ఎన్నికైన ఐదుగురు ధర్మకర్తలు. గొట్టాలు వెయ్యడానికి ఆ ఇళ్ళ మీద పన్ను వేసే అధికారం. నీళ్ళున్న భూమిని కొనే అధికారం, యజమాని ఒప్పుకోకపోతే సరైన ధర కట్టి తీసుకునే అధికారం.

"ఈ ఆఖరిది ఆల్టన్ చూస్తే ఊరుకోడు," అంది యూనిస్.

"ఆల్టన్ కోసమే రాశా. వత్తి రాయి," అంది హెప్సీ.

ఇంక మిగిలింది హద్దులు. అది మాత్రం ఎవరి చట్టంలోంచీ దించుకోడానికి లేదు. మార్చిలో మంచు కరిగిన ఒక ఆదివారం హెప్సీ గమ్‌బూట్లు తొడుక్కుని, యూనిస్ చేతికి నోటుబుక్కిచ్చి, ఊరి చుట్టూ నడిచింది. బ్రిమ్ కోవ్‌లో ఎవర్ని దారడిగినా తన గేటు దగ్గర నిలబడి, తన ఇంటికి వీపు పెట్టి, చెయ్యి చాపి చెప్తారు. హెప్సీ కూడా అలాగే నిలబడి చెప్పింది. యూనిస్ అలాగే రాసింది: "హెప్సీ గ్రిండల్ గేటు స్తంభం దగ్గర మొదలై, ఒడ్డు రోడ్డు వెంబడి పోయి, నోయిస్ వాళ్ళ కొట్టం కాలిపోయిన చోట మలుపు తిరిగి, వాగు పట్టుకుని గుట్టెక్కి, క్రాబ్‌ట్రీ చేను చుట్టి, పిడుగు పడిన బండ మీదుగా దిగి, తిరిగి ఆ గేటు స్తంభం దగ్గరే ముగియును." ఆ కొట్టం కాలి పాతికేళ్ళయింది. అయినా ఎక్కడుండేదో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆ కాగితాలు రాజధానికి పంపారు. అక్కడి శాసనసభ్యుల్లో ఒక్కడికీ తెలియదు, అందుకే ఒక్కడూ ప్రశ్న వెయ్యలేదు. మే నెలలో చట్టం పాసైంది. చివర ఒక మెలిక మాత్రం పెట్టారు. డిస్ట్రిక్టు లోపలి ఓటర్లు ఒక్క సభలో తేల్చాలి. ఆ సభలో నెగ్గితే చట్టం నిలుస్తుంది, నెగ్గకపోతే అక్కడితో రద్దు.

హెప్సీ ఇల్లిల్లూ తిరిగింది. కలిసొచ్చేవాళ్ళని వేళ్ళ మీద లెక్కేసుకుంటే పదిహేను ఓట్ల తేడాతో గెలుస్తామని తేలింది. ఆ రోజుల్లో ఆమె నడక చూసినవాళ్ళు ఆమెకి మోకాళ్ళ నొప్పి ఉందంటే నమ్మేవారు కాదు.

జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి రైతుల హాల్లో సభ. వెనక వంటింట్లో బెల్లంపాకం పోసిన చిక్కుడు గింజలు పొద్దున్నించీ మట్టికుండల్లో మగ్గుతున్నాయి. సభ అవ్వగానే విందు. అధ్యక్షుడు కిరాణా కొట్టు లైమన్ టోరీ. నిర్ణయం ఖాయం చెయ్యడానికి బల్ల మీద కొట్టే సుత్తి ఏనాడో పోయింది. అందుకని వంటింట్లోంచి బంగాళదుంపలు మెదిపే కర్ర తెచ్చుకునేవాడు. ఆ కర్ర బల్లకి తగిలితేనే ఏ నిర్ణయమైనా ఖాయమైనట్టు. తగిలే లోపల ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. ఓటర్లంతా ముందు కుర్చీల్లో. ఓటు లేనివాళ్ళకి గోడవార కోట్లు తగిలించే కొక్కేల కింద ఒక బెంచీ. ఆ రోజు దాని మీద వేసవికొచ్చిన ఫిలడెల్ఫియా ఆవిడ ఒక్కతే ఊలు అల్లుకుంటూ కూర్చుంది.

హెప్సీ ముందు వరస మధ్య కుర్చీలో, ఉత్త వేళ్ళతో, ఇస్త్రీ గౌనుతో కూర్చుంది. లైమన్ గొంతు సవరించుకునే లోపలే ఆల్టన్ లేచాడు. చేతిలో చట్టం ప్రతి ఉంది. తన ఊటని తప్పించే సందు దొరుకుతుందేమోనని ఆ నెలంతా వరండాలో కూర్చుని ఆరుసార్లు చదివాడు. ఆ సందు దొరకలేదు. వేరేది దొరికింది.

"అధ్యక్షా, చిన్న సందేహం. డిస్ట్రిక్టు లోపల కాపురముండేవాళ్ళే కదా ఇక్కడ ఓటెయ్యాలి?"

"అవును."

"మరి హెప్సీ ముందు వరసలో ఏం చేస్తున్నట్టు?"

హాలంతా ఆల్టన్ వైపు తిరిగింది. అతను చట్టం విప్పి, ఒక్కో మాటా రుచి చూస్తున్నట్టు చదివాడు. గేటు స్తంభం దగ్గర మొదలు. గేటు స్తంభం దగ్గర ముగింపు. హెప్సీ ఇల్లు రోడ్డుకి సముద్రం వైపుంది. ఆ వైపు ఇంకో ఇల్లు లేదు. ఊరంతా హద్దు లోపలుంది, హద్దు రాసిన మనిషి ఇల్లు బయటుంది. యూనిస్ ఊరి పటం తీసి, దాని మీద వేలు పెట్టి గీత వెంట నడిపింది. వేలు గేటు దగ్గర ఆగిపోయింది. ఆమె మొహం పాలిపోయింది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. లైమన్ కర్ర పట్టుకునే నవ్వాడు.

"నా గేటు లోపలుందా లేదా?" అంది హెప్సీ. చెవులు ఎర్రబడ్డాయి.

"స్తంభం లోపలే ఉంది హెప్సీ."

"అయితే అదే వచ్చి ఓటేస్తుందిలే. కుర్చీ ఖాళీగా ఉంచండి," అని లేచి, గౌను దులుపుకుని, గోడవార బెంచీ మీద కూర్చుంది. ఫిలడెల్ఫియా ఆవిడ ఊలు ఉండ జరిపి చోటిచ్చింది. అవమానం కాలుస్తున్నా హెప్సీ గుండె మాత్రం నిబ్బరంగానే ఉంది. పదిహేను ఓట్ల తేడా ఉంది. తన ఒక్క ఓటు పోతే కొంప మునగదు.

ఓటు లేనివాళ్ళు మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి. "మాట్లాడనివ్వండి, లేకపోతే పగిలిపోతుంది," అన్నాడు ఆల్టనే. ఆమె బెంచీ దగ్గరే నిలబడి మాట్లాడింది. రాసుకొచ్చిన ఉపన్యాసం సంచీలోనే ఉండిపోయింది. "నేను చెప్పేది ఒకటే. గుట్టెక్కలేని రోజు అందరికీ వస్తుంది. ఆ రోజు మీ ఇంట్లో కుళాయి ఉండాలి. ఎవరి దయా అక్కర్లేని నీళ్ళు కావాలి. అంతే," అంది.

ఆల్టన్ వంతు వచ్చింది. "వాన దేవుడు ఊరికే ఇస్తాడు. ఊట నేను ఊరికే ఇస్తున్నా. ఊరికే వచ్చేదానికి పన్ను కట్టుకోడానికి చట్టం చేసుకున్న ఊరు ప్రపంచంలో మనదొక్కటే," అన్నాడు. ముసలాళ్ళు చప్పట్లు చరిచారు.

సరిగ్గా అప్పుడు రేవు వైపు నుంచి ఫ్యాక్టరీ కూత వినిపించింది. రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత. చేపల పడవ వచ్చింది.

పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఒక్కసారి లేచారు. సంచుల్లోంచి ప్లాస్టరు తీసి నడుస్తూనే వేళ్ళకి చుట్టుకుంటున్నారు. అందరూ హెప్సీ పక్షమే. వాళ్ళకంటే కుళాయి కావాల్సిందెవరికి?

"ఐదు నిమిషాలు ఆగండే! చెయ్యెత్తి పోండి!" అని అరిచింది హెప్సీ.

"చేప ఆగుతుందేంటే హెప్సీ? నీకు తెలీదా?" అంది వాళ్ళలో ఒకామె తలుపు దగ్గర్నించి. గొంతులో నిజంగానే బాధ ఉంది. అయినా ఆగలేదు.

హెప్సీకి తెలుసు. నలభై ఏళ్ళలో ఆ కూత విని ఆమె ఆగడం ఇదే మొదటిసారి. హార్వేని పూడ్చిన మర్నాడు కూడా ఆగలేదు. వాళ్ళని తప్పుపట్టడానికి నోరు రాలేదు.

లైమన్ అడిగితే అవునన్న గోల, కాదన్న గోల ఒకేలా వినపడ్డాయి. అలాంటప్పుడు ఆ ఊరి పద్ధతి ఒకటే. కావాలన్నవాళ్ళు కిటికీల వైపు, వద్దన్నవాళ్ళు పొయ్యి వైపు పోయి నిలబడాలి. కుర్చీలు గరగరమన్నాయి. యూనిస్ మధ్యలో నడుస్తూ ఒక్కొక్కరి భుజం మీద పెన్సిలుతో తాకుతూ లెక్కపెట్టింది. రెండోసారి కూడా లెక్కపెట్టింది.

"ముప్పై ఆరు," అంది కిటికీల వైపు చూసి. "ముప్పై ఆరు," అంది పొయ్యి వైపు చూసి.

"సమానమైతే వీగిపోయినట్టే," అన్నాడు లైమన్ మెల్లిగా.

ఫిలడెల్ఫియా ఆవిడ అల్లడం ఆపేసింది. హెప్సీ తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చుంది. ఒక్క ఓటు. అదీ తన ఓటే. ఏడాది తిరిగిన తిరుగుడు, రాసిన రాతలు, అన్నీ తన గేటు స్తంభానికి గుద్దుకుని ముక్కలయ్యాయి. ఏడవకూడదని పళ్ళు బిగించింది కానీ గడ్డం వణికింది. అరవై ఏళ్ళలో ఆమె గడ్డం వణకడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. పొయ్యి పక్క నిలబడ్డ ఆల్టన్ చూశాడు.

లైమన్ కర్ర ఎత్తాడు.

"దించకు!" అన్నాడు ఆల్టన్.

అతను పొయ్యి దగ్గర్నుంచి బయల్దేరి, హాలంతా దాటి, కిటికీల వైపు పోకుండా తిన్నగా గోడవార బెంచీ దగ్గరికొచ్చాడు. "కాస్త జరుగుతారా అమ్మా," అని ఫిలడెల్ఫియా ఆవిడతో అని, ఆమెకీ హెప్సీకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

"ఏంటిది ఆల్టన్?" అన్నాడు లైమన్. కర్ర గాల్లోనే ఉంది.

"నేను ఓటెయ్యట్లేదు. నన్ను తీసేసి లెక్కపెట్టు."

"నీ ఊట పోతుంది మావా!" అని పొయ్యి వైపు నుంచి ఎవరో అరిచారు.

"ఆ మాత్రం లెక్క నాకొచ్చులేరా. ఎలాగూ పదిహేనుతో నేనే ఓడిపోతానని తెలుసు. పోయేముందు కాసేపు ఆటపట్టిద్దామనుకున్నా, అంతే. ఆ కూత వస్తుందని నేను కలగన్నానా? ఈమెని నేను ఓడిస్తే ఎదురుగా నిలబెట్టి ఓడిస్తా. కోట్ల కింద కూర్చోబెట్టి కాదు. ఈమె ఓటు ఉండుంటే నా ఓటుకి చెల్లయ్యేది. కాబట్టి రెండూ తీసెయ్. కొట్టు లైమన్, చెయ్యి నొప్పెడుతుంది నీకు."

ముప్పై ఆరు, ముప్పై ఐదు. కర్ర బల్లకి తగిలింది. కిటికీల వైపు నుంచి లేచిన కేకకి వంటింట్లో కుండల దగ్గరున్న వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

"పిచ్చెక్కిందా నీకు?" అంది హెప్సీ పక్కకి తిరగకుండానే.

"బడిలో నీ పక్కన కూర్చోబెట్టినప్పుడే ఎక్కింది."

"మరి ఊట అమ్ముతావా?"

"చచ్చినా అమ్మను! చట్టంలో వత్తి రాయించావుగా, తీసుకో. ఆల్టన్ మెత్తబడి అమ్ముకున్నాడని రేపు ఎవడూ అనకూడదు. లాక్కున్నారని కాగితం మీద ఉండాలి."

"లాక్కుంటాంలే. సంతోషంగా లాక్కుంటాం," అంది హెప్సీ. ఇద్దరూ చిక్కుడు గింజల విందులో ఒకే బల్ల మీద కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కడుపునిండా తిన్నారు.

సెప్టెంబరులో డిస్ట్రిక్టు మొదటి సభ జరిగింది. ఈసారి ముందే రేవుకి మనిషిని పంపి, పడవలేవీ లేవని రూఢి చేసుకున్నారు. మొదటి అంశం: హద్దుకి ఆనుకుని ఉన్నవాళ్ళెవరైనా అర్జీ పెట్టుకుంటే సభ ఓటేసి కలుపుకోవచ్చని చట్టంలో ఉంది కాబట్టి, హెప్సీ గ్రిండల్ ఇంటిని కలుపుకోవడం. ప్రతిపాదించింది ఆల్టన్ క్రాబ్‌ట్రీ. పన్నుల డబ్బు కాపలా కాయడానికి తనకంటే గట్టివాడు లేడని చెప్పుకుని, అతను ఆ ఉదయమే ధర్మకర్తగా ఎన్నికయ్యాడు.

"అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు లైమన్. చేతులన్నీ లేచాయి. గోడవార బెంచీ మీంచి కూడా ఒకటి లేచింది.

"హెప్సీ, చెయ్యి దించు. నువ్వింకా బయటే ఉన్నావు."

హాలు నవ్వింది. ఆమె దించింది. కర్ర బల్లకి తగిలింది. జనం చప్పట్లు కొడుతుండగా ఆమె లేచి ముందు వరసకి నడిచొచ్చి కూర్చుంది.

రెండో అంశం యూనిస్ చదివింది. ఆల్టన్ క్రాబ్‌ట్రీ చేలో ఊటతో సహా రెండెకరాలు, అతను అమ్మడానికి నిరాకరించినందున, ధర కట్టి డిస్ట్రిక్టు స్వాధీనం చేసుకోవడం.

"అనుకూలం?"

చేతులు లేచాయి. హెప్సీ చెయ్యి లేవలేదు. ఏడాదికి పైగా ఈ ఒక్క క్షణం కోసమే ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. తీరా వచ్చాక ఆమెకి కనపడింది ఊట కాదు, ఆ ఊట ఎదురుగా వరండాలో ఊగుతూ వచ్చినవాళ్ళందరినీ బాగున్నావా అని అడిగే మనిషి. ఇంక అతని దగ్గరికి గుట్టెక్కి పోయేదెవరు?

ఆల్టన్ ధర్మకర్తల బల్ల దగ్గర్నుంచి అంతా చూస్తున్నాడు.

"ఎత్తు!" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎత్తవే మొండిదానా! ఓటుందిగా ఇప్పుడు, వాడుకో! నన్ను ఊరి ముందు ఆ బెంచీ మీద ఊరికే కూర్చోబెట్టావా?"

"నేను కూర్చోబెట్టానా? నువ్వే వచ్చి కూర్చున్నావు!" అంది హెప్సీ. కళ్ళ నీళ్ళు కారుతుండగానే ఆమె కుడిచెయ్యి భుజం దాకా, చెవి దాకా, ఆపైన ఎంత లేస్తుందో అంత లేచింది.

"వ్యతిరేకం?" అన్నాడు లైమన్.

ఒక్క చెయ్యి లేచింది. ధర్మకర్తల బల్ల దగ్గర ఆల్టన్ క్రాబ్‌ట్రీ నిటారుగా కూర్చుని, కొత్త చొక్కా మోచేతి దాకా జారేలా చెయ్యెత్తి, హెప్సీ కళ్ళలోకి తిన్నగా చూస్తున్నాడు. మొహం నిండా నవ్వు.

"యూనిస్," అన్నాడు, "ఒకటి అని ఊరికే రాయకు. పేరు కూడా రాయి."